ఎడ్వర్డ్స్ సిండ్రోమ్ పాపకి గుండె ఆపరేషన్ చేయాలా, వద్దా? విజయవాడ స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. నాలుగు నెలల పాపకి గుండెలో రంధ్రం. జన్యు పరీక్షలో ఎడ్వర్డ్స్ సిండ్రోమ్ అనే, పుట్టుకతోనే ఉండే తీవ్రమైన క్రోమోజోమ్ లోపం అని తేలగానే, ఆపరేషన్ చేయలేమని ఒక ఆసుపత్రి పంపించేసింది. ఆ తల్లి వీడియో మూడు రోజులుగా అందరి ఫోన్లలో తిరుగుతోంది. ముగ్గురికీ సమానంగా టైమ్ ఇస్తాను. అమ్మా, ముందు మీరు చెప్పండి.

తల్లి: మాది తెనాలి దగ్గరండి. పాలు పడుతుంటే పాపకి నుదురంతా చెమట. రెండు గుక్కలు తాగి ఆయాసంతో వదిలేసేది. పిడికిలి విప్పదు, వేలి మీద వేలు ఎక్కి ఉంటుంది. రంధ్రం మూసేస్తే సరిపోతుందన్నారు. రిపోర్టు వచ్చాక మాట మారింది. ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోమన్నారు.

యాంకర్: మీది మేనరికమా?

తల్లి: అవునండి, మా మావయ్య కొడుకే.

యాంకర్: చూశారా డాక్టర్ గారూ!

కార్డియాలజిస్ట్: దానికీ దీనికీ సంబంధం లేదండి. 18వ క్రోమోజోమ్ రెండు ఉండాల్సిన చోట మూడు ఉన్నాయి. ఎక్కువగా అండం తయారయ్యేటప్పుడే ఈ తేడా వస్తుంది. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది కానీ, ఏ వయసులోనైనా రావచ్చు. ఈ పిల్లల్లో నూటికి 90 మందికి గుండె లోపం ఉంటుంది. ఏడాది దాటేవాళ్లు...

హక్కుల కార్యకర్త: నూటికి ఐదు నుంచి పది మంది! అంతే కదా? ఆ లెక్క ఎవరిదండీ? వైద్యం చేయకుండా వదిలేసిన పిల్లలే అందులో ఎక్కువ. వదిలేస్తారు, బతకలేదంటారు, ఆ లెక్కే చూపించి ఇంకో పాపని వదిలేస్తారు!

కార్డియాలజిస్ట్: కొంత నిజమే. విదేశాల్లో కొన్ని చోట్ల ఆపరేషన్లు చేస్తున్నారు, ఎక్కువ కాలం బతికిన పిల్లలూ ఉన్నారు. కానీ వీళ్లకి ఊపిరి ఆగిపోతుంటుంది. ఆపరేషన్ తర్వాత వెంటిలేటర్ నుంచి బయటకు తేవడం...

హక్కుల కార్యకర్త: కష్టమని మానేస్తారా? 2021లో తిరుపతిలో పద్మావతి పిల్లల గుండె ఆసుపత్రి పెట్టారు. మరి విజయవాడలో, గుంటూరులో...

యాంకర్: తిరుపతి దాకా వెళ్లాలంటే పేదవాళ్లకి బస్సు ఖర్చులు, లాడ్జీ...

హక్కుల కార్యకర్త: అదే నేననేది! పాప పేరు పక్కన సిండ్రోమ్ అని రాయగానే ఫైలు మూసేస్తారా?

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. వినబడినంత వరకే రాశాం.)

కార్డియాలజిస్ట్: ...ఊపిరితిత్తుల్లో ప్రెషర్ పెరిగిపోతే తర్వాత రంధ్రం మూయడం కూడా ప్రమాదమే. అందుకే త్వరగా తేల్చుకోవాలి. కొందరికి ముందు ఊపిరితిత్తులకి వెళ్లే రక్తనాళానికి పట్టీ బిగించి, తర్వాత...

యాంకర్: మేనరికాలు మానితే ఈ సమస్యే రాదని ప్రేక్షకులకి చెప్పొచ్చా?

కార్డియాలజిస్ట్: చెప్పకూడదండి! ఇందాకే చెప్పాను. ఆ అమ్మ తప్పేమీ లేదు.

హక్కుల కార్యకర్త: తప్పు ఆపరేషన్ కాదన్నవాళ్లది! రాతపూర్వకంగా కారణం ఇవ్వాలి. ఇచ్చారా అమ్మా?

తల్లి: లేదండి. నోటితోనే చెప్పారు.

హక్కుల కార్యకర్త: వినండి! కాగితం కూడా లేదు!

కార్డియాలజిస్ట్: కాగితం ఇవ్వాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ ప్రతి పాపకీ చేసి తీరాలంటే...

హక్కుల కార్యకర్త: ఒప్పుకున్నారు కదా, చాలు.

యాంకర్: టైమ్ అయిపోయింది. ఈ చర్చలో కార్యకర్త గారి వాదనే బలంగా వినిపించింది. మేనరికాల మీద వచ్చే వారం...

తల్లి: డాక్టర్ గారూ, ఎకో రిపోర్టు తెచ్చానండి. రేపు ఎన్నింటికి రమ్మంటారు?

కార్డియాలజిస్ట్: పొద్దున్నే తీసుకురండమ్మా. చూడకుండా మాత్రం మాట...

హక్కుల కార్యకర్త: చూశారా, మనం అడిగితేనే...

(ప్రసారం ఇక్కడ ఆగిపోయింది.)