మన కంచానికి ఎంత బాధ్యత

సభలో ఉన్న పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

తిండి గురించీ పర్యావరణం గురించీ మాట్లాడుతున్నారంటే చాలామంది ఎదురుచూసే మాట ఒకటుంది. మాంసం మానండి, చేపలు మానండి అని. విశాఖపట్నంలో నిలబడి ఆ మాట అనడం నాకు ఇష్టం లేదు. చేప ఇక్కడ వేల కుటుంబాలకు కూడు. పైగా మన దేశంలో ఎవరు ఏం తింటారన్న చర్చ చూస్తుండగానే ఎవరిది ఏ కులమన్న చర్చ అయిపోతుంది. ఆ దారిన పోతే పర్యావరణం ఊసే ఉండదు. నా ప్రశ్న వేరు. తిండిలో ఇది కావాలి, అది వద్దు అని ఎంచుకునే వీలు ఎవరికి ఉంది? బాధ్యత వాళ్ళది. ఎంత వీలుంటే అంత బాధ్యత. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు కొన్ని లెక్కలు చూద్దాం. 2018లో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు 119 దేశాల్లోని 38 వేలకు పైగా పొలాల వివరాలు కూర్చి ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. మనుషుల వల్ల గాలిలో చేరి భూమిని వేడెక్కించే వాయువుల్లో దాదాపు 26 శాతం తిండి వల్లనే వస్తున్నాయని తేలింది. కిలో బఠాణీ పండించి అమ్మేసరికి ఒక కిలో వాయువులు వెలువడితే, కిలో గొడ్డుమాంసానికి 60 కిలోలు దాటాయి. మరో సంగతి కూడా ఆ పట్టికలోనే ఉంది. కిలో చీజ్ వెనుక ఉన్న వాయువులు కిలో కోడిమాంసం వెనుక ఉన్నవాటికి రెండింతల పైమాటే. కారణం తేలికగానే అర్థమవుతుంది. నెమరువేసే జంతువు ఏదైనా, ఆవైనా గేదైనా మేకైనా, దాని కడుపులో భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది. ఒక కిలో పన్నీరుకు ఐదారు లీటర్ల పాలు కావాలి. అందువల్ల శాకాహారం అన్నంత మాత్రాన ఆ విందు భూమికి తేలిక అనుకోవడానికి లేదు. పప్పు తేలిక, పన్నీరు బరువు.

ఇవి ప్రపంచ సగటులు. అడవి నరికి, గడ్డి పెంచి మేపిన పశువు లెక్క, మన పల్లెలో ఎండుగడ్డి, తవుడు తిని బతికే గేదె లెక్క ఒకటి కావు. ఆ సంఖ్యలను తీసుకొచ్చి మన పాడి రైతు మీద రుద్దడం న్యాయం కాదు. దూరం నుంచి వచ్చిందంతా చెడ్డది, దగ్గర పండిందంతా మంచిది అనే నమ్మకం కూడా ఆ పరిశోధన ముందు నిలవదు. తిండి వల్ల వచ్చే వాయువుల్లో రవాణా వాటా 6 శాతం మాత్రమే. రైతుబజారులో కొనడానికి మంచి కారణాలు చాలా ఉన్నాయి, రైతు చేతికి నాలుగు రూపాయలు ఎక్కువ అందడం వాటిలో మొదటిది. కానీ అక్కడ కొన్నంత మాత్రాన మన వంతు తీరిపోదు.

ఇక అన్నం. వరి మడిలో నీరు నిలిచినంతకాలం అడుగు మట్టికి గాలి అందదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు కుళ్ళిన గడ్డీగాదం తిని మీథేన్ వదులుతాయి. నూరేళ్ళ లెక్కలో మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. ఇరవై ఏళ్ళ లెక్క తీస్తే అది 80 రెట్లు దాటుతుంది. మడిని మధ్యమధ్య ఆరబెట్టి మళ్ళీ తడిపితే మీథేన్ దాదాపు సగానికి పడిపోతుందనీ, నీరు 30 శాతం వరకు మిగులుతుందనీ ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఏళ్ళ తరబడి చెబుతోంది. దీన్నే మన దగ్గర ఆరుతడి అంటారు. అయితే కాలువ చివర ఉన్న రైతు సంగతి ఆలోచించండి. మళ్ళీ నీరు ఎప్పుడొస్తుందో తెలియనివాడు ఉన్న నీటిని పోగొట్టుకుని మడి ఎండబెడతాడా? కాలువలో నీళ్ళు ఎప్పుడొస్తాయో ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకునే ప్రభుత్వం ఉంటేనే ఆరుతడి సాధ్యం. రైతును తప్పుపట్టి లాభం లేదు.

తినేవాళ్ళ చేతిలో ఉన్నది మరొకటి, అన్నం బదులు చిరుధాన్యాలు. చోళ్ళు అనే రాగులు, సామలు ఉత్తరాంధ్రకు కొత్త కాదు. చోడి అంబలి తాగి పొలానికి వెళ్ళిన తరం ఇంకా మన మధ్యనే ఉంది. పాడేరు, అరకు వైపు కొండవాలు పొలాల్లో అవి నేటికీ వాన మీదనే పండుతున్నాయి. మన దేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. నిజానికి వాటిని నగరంలోకి తిరిగి తెచ్చింది పర్యావరణం మీద ప్రేమ కాదు, షుగరు భయం. అందుకు నాకు అభ్యంతరం ఏమీ లేదు, ఏ కారణంతో తిన్నా కొండ మీది రైతుకు మేలే. అయితే ఇప్పుడు దుకాణంలో కిలో సామలకు బియ్యం కంటే ఎక్కువే పెట్టాలి. రేషన్ బియ్యంతో నెల గడుపుకునే ఇంటికి వెళ్ళి సామలు తినమనడం అన్యాయం. ఆ మాట చెప్పవలసింది సన్నబియ్యం బస్తా ధర చూడకుండా కొనగలవాళ్ళకు.

ఇప్పుడు సముద్రం దగ్గరకు వద్దాం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల పాటు, తూర్పు తీరంలో మరపడవల వేటకు సెలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నిషేధం. ఆ భారమంతా మోస్తున్నది మత్స్యకార కుటుంబాలే. వేట లేని ఆ రెండు నెలలూ వాళ్ళ ఇళ్ళు ఎలా గడుస్తాయో హార్బర్ చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెబుతారు. మరి కొనే మనం ఏం వదులుకుంటున్నాం? ఆ రెండు నెలలూ మనకు ఐసులో నిల్వచేసిన చేప కావాలి, చెరువు రొయ్య కావాలి, వంజరం ముక్క తగ్గకూడదు.

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో ఒక పడవ సరుకు దించేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. వంజరాలు, చందువలు వరుసగా పేర్చి వేలానికి పెడతారు. వాటి పక్కనే సిమెంటు నేల మీద మరో కుప్ప పోస్తారు. అరచేయంత కూడా లేని పిల్ల చేపలు, చితికిన పీతలు, పేరు చెప్పడానికి వీల్లేనంతగా నలిగినవి. అడుగున ఈడ్చుకుంటూ వెళ్ళే వలకు ఎంపిక తెలియదు. ఆ కుప్పను ఇంటికని ఎవరూ కొనరు. ఎండిపోయి, పొడిగా మారి, కోళ్ళ దాణాలోకీ రొయ్యల మేతలోకీ పోతుంది. చెరువు రొయ్య తింటే సముద్రం జోలికి పోలేదని అనుకోనక్కరలేదు. అది తిన్న మేతలో ఆ కుప్ప ఉండవచ్చు.

కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు మాత్రం ఒడ్డుకు దగ్గరగా, నీటి పైపొరల్లో గుంపులుగా తిరిగే చేపలు. త్వరగా పెరుగుతాయి, విస్తారంగా గుడ్లు పెడతాయి. నెత్తళ్ళను ముల్లుతో సహా తింటాం కాబట్టి ఒంటికి కాల్షియం కూడా అందుతుంది. అపార్టుమెంట్లలో చాలామంది వాటిని చిన్నచూపు చూస్తారు, వాసనని వంక పెడతారు. నాకు ఇది బాధగా ఉంటుంది. మన తీరం ఇచ్చే తిండిలో భూమికి తేలికైనదీ, పిల్లలకు బలమైనదీ అదే అయినప్పుడు, చవకగా దొరుకుతుందన్న ఒక్క కారణంతో దాన్ని తక్కువ చేయడం ఎందుకు?

సొర చేప సంగతి కష్టమైనది. బాలింతకు పాలసొర వండిపెట్టడం మన వైపు తరతరాల ఆచారం, దాని వెనుక ఉన్నది ఆ తల్లి మీద ప్రేమ. కానీ సొరలు కవళ్ళలా లెక్కలేనన్ని గుడ్లు పెట్టే జాతి కాదు. నెలల తరబడి మోసి కొద్ది పిల్లలనే కంటాయి, కాబట్టి ఎక్కువ పట్టేస్తే తిరిగి కోలుకోవడం కష్టం. బాలింతకు పెట్టవద్దని నేను అనను. హోటల్లో సరదాకు సొరపుట్టు ఆర్డరు ఇచ్చేవాళ్ళు మాత్రం ఒకసారి ఆలోచించాలి.

కొనేవాళ్ళ మాట చెల్లుతుందా అంటే, చెల్లిన ఉదాహరణ ఒకటుంది. మన వలల్లో చిక్కి సముద్రపు తాబేళ్ళు చనిపోతున్నాయన్న కారణంతో 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలను కొనడం ఆపింది. తాబేలు వల నుంచి బయటపడే మార్గం ఉన్న పరికరాల మీద ఇక్కడి శాస్త్రవేత్తలు, ఎగుమతి సంస్థలు గట్టిగా పనిచేసింది ఆ తర్వాతనే. చలికాలంలో మన బీచిలకు గుడ్లు పెట్టడానికి వచ్చి, చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చే తాబేళ్ళను చూసినవాళ్ళు ఈ సభలో చాలామంది ఉంటారు. అదే రొయ్యను రోజూ కొనే మనం ఆ ప్రశ్న ఒక్కసారైనా అడగలేదు. ఇక్కడ ఒక తేడా గమనించండి. అమెరికాలో అడిగింది విడివిడిగా మనుషులు కాదు, ఒక చట్టం. ఒక్కొక్కరి ఎంపిక చట్టంగా మారినప్పుడే వల మార్చే పని ఊపందుకుంది.

అందుకే వ్యక్తి బాధ్యత గురించి మాట్లాడేటప్పుడు నాకు ఒక జాగ్రత్త. మీ ఇంటి కార్బన్ ఎంతో మీరే లెక్కేసుకోండంటూ 2004లో జనం ముందు ఆ లెక్కల పద్ధతి పెట్టింది బీపీ అనే చమురు కంపెనీ. చమురు తవ్వేవాడి మీద ఉండవలసిన చూపు చమురు కాల్చేవాడి మీదకు మళ్ళింది. ఈ ఊరివాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. 2020 మే 7న వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి వెలువడిన విషవాయువు నిద్రలో ఉన్నవాళ్ళ ఊపిరి తీసింది. ఎవరు ఏం తిన్నా, ఏం మానినా ఆ రాత్రి ఆగేది కాదు. కంచం గురించి మాట్లాడుతూ కర్మాగారాన్ని మరిచిపోతే మనం మోసపోయినట్టే. అలాగని కర్మాగారం ఉంది కదా అని కంచాన్ని గాలికి వదిలేయడమూ నాకు సమ్మతం కాదు.

ఎందుకంటే పూర్తిగా మన చేతిలో ఉన్నది ఒకటుంది. పారేయడం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్ళలోనే. ఇక మన పెళ్ళిళ్ళు. భోజనాల హడావిడి తగ్గాక ఫంక్షన్ హాలు వెనక్కి వెళ్ళి అక్కడి ప్లాస్టిక్ డ్రమ్ములు చూడండి. పులిహోర మీద గులాబ్‌జాం పాకం, దాని మీద కొరికి వదిలిన రొయ్య, పన్నీరు కూర, సగం తాగిన నీళ్ళ సీసా, పేపరు రుమాలు. విడివిడిగా ఉంటే అన్నం ఆకలిగొన్నవాళ్ళకు పోయేది, తొక్కలు పశువులకు పోయేవి. కలిశాక ఎవరికీ పనికిరాదు. లారీలో కాపులుప్పాడ చెత్త యార్డుకు చేరితే, గాలి ఆడని గుట్ట అడుగున కుళ్ళి మళ్ళీ అదే మీథేన్. ఆ డ్రమ్ములోకి వెళ్ళింది ఒక్క అన్నమే కాదు. మడికి పెట్టిన నీరు, పడవ తాగిన డీజిలు, గేదె కడుపులో పుట్టిన వాయువు, వండిన గ్యాసు అన్నీ వృథాగా వెళ్ళాయి.

నలభై రకాలు పెడితే మర్యాద, పదిహేను పెడితే పిసినారితనం అన్న లెక్క మనమే పెట్టుకున్నాం. ఏ కంపెనీ, ఏ ప్రభుత్వం మన మీద రుద్దలేదు. ఈ ఒక్క చోట సాకు లేదు.

మీ ఇళ్ళలో ముహూర్తాలు పెట్టుకున్నవాళ్ళు ఉంటే నా విన్నపం ఇది. వచ్చేవాళ్ళ సంఖ్య కేటరర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, భయంతో రెండు వందలు కలపకండి. మిగిలింది తీసుకెళ్ళే అనాథాశ్రమంతోనో వృద్ధాశ్రమంతోనో ముందు రోజే మాట్లాడి ఉంచండి, అర్ధరాత్రి వెతికితే ఎవరూ దొరకరు. హోటళ్ళు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో బయోగ్యాసుగానో మార్చాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. హాలు మాట్లాడుకునేటప్పుడు ఏసీ గురించి, పార్కింగు గురించి అడుగుతాం కదా. తడి చెత్త ఏం చేస్తారని కూడా అడగండి. పది మంది అడిగిన హాలు యజమాని పదకొండోవాడు వచ్చేసరికి జవాబు సిద్ధం చేసుకుంటాడు.

ఇక మీ ప్రశ్నలు. హార్బర్ నుంచి వచ్చినవాళ్ళు ముందు మాట్లాడితే బాగుంటుంది.