హెపటైటిస్ సి మాత్రలు "వేడి" చేస్తాయా? నీరసం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం... అసలు కారణం ఏంది?

నమస్తే అందరికీ. తిరుపతి నుంచి మాట్లాడతా ఉండా. నేను ఫార్మసిస్టుని. మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి రోజూ వినే మాటల్లో నాకు జాస్తిగా బాధ కలిగించే మాట ఒకటుంది. "ఆ హెపటైటిస్ సి మాత్రలు ఒళ్ళంతా వేడి చేసేసినాయి సార్, అందుకే ఆపేసినాం." పన్నెండు వారాల కోర్సు మూడో వారంలో ఆపేసి, యాడో కామెర్లకి పసరు పోస్తారంటే బస్సెక్కి పోయి, ఉప్పు లేకుండా నూనె లేకుండా పథ్యం పట్టి, మళ్ళీ వచ్చి నీరసం నీరసం అంటారు. నా కోపం ఆ మనుషుల మీద కాదు, వాళ్ళని కూర్చోబెట్టి ఏది మందు వల్ల వస్తుంది ఏది రాదు అని విడమరిచి చెప్పేవాళ్ళు లేరే, దాని మీద.

కాబట్టి ఈ వీడియో ఇప్పటికే మాత్రలు వాడతా ఉండేవాళ్ళకి, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి. హెపటైటిస్ సి అంటే కాలేయానికి పట్టే వైరస్ జబ్బు; అది ఎట్ల వస్తుంది, కలిసి తింటే అంటుకుంటుందా, ఇవన్నీ మీకు డాక్టరు చెప్పే ఉంటారు, నేను మళ్ళీ మొదలుపెట్టను.

ముందు ఈ భయం యాడ నుంచి వచ్చిందో చూద్దాం. పాత వైద్యం నుంచి. ఇంటర్‌ఫెరాన్ అని వారానికో ఇంజెక్షను, దాంతో పాటు రోజూ రిబావిరిన్ మాత్రలు, 24 వారాలు, కొందరికి 48 వారాలు. ఇంజెక్షను పడిన రాత్రి చలిజ్వరం, ఒళ్ళు నొప్పులు, జుట్టు ఊడడం, రక్తం తగ్గిపోవడం, మనసు బాగా కుంగిపోవడం. ఇంత పడినా చాలామందికి వైరస్ పోయేది కాదు. ఆ రోజులు చూసినవాళ్ళు చెప్పింది అబద్ధం కాదు, నిజంగా నరకమే. అయితే 2013 డిసెంబర్‌లో సోఫోస్‌బువిర్ అనే కొత్త మాత్ర అమెరికాలో వచ్చింది, 2015కి మన దేశంలో జనరిక్ వచ్చేసింది, అక్కడితో కథ మొత్తం మారిపోయింది. మందు మారింది గానీ భయం మాత్రం పాతదే మోస్తా ఉండాం.

ఎట్ల మారిందో ఒక జిరాక్స్ షాపు పెట్టుకుని చెప్తా, వీడియో అయ్యేదాకా ఈ షాపుని వదలను.

(స్క్రీన్ మీద: వీధి, మధ్యలో జిరాక్స్ షాపు)

మీ కాలేయం ఒక వీధి. అందులో వైరస్ వచ్చి దొంగ జిరాక్స్ షాపు పెట్టుకుంది. దాని పనల్లా ఒకటే, తన కాపీలు తను తీసుకోవడం, రాత్రీ పగలూ. పాత ఇంటర్‌ఫెరాన్ ఏం చేసేదంటే, ఆ షాపు జోలికి నేరుగా పోదు, మైకు పట్టుకుని వీధి వీధంతా లేపేది, "లేవండి, తరమండి" అని. వీధిలో ఎవరికీ నిద్రలేదు, అందరికీ జ్వరం, అందరికీ గొడవ. షాపు మూతపడేదో లేదో తర్వాత సంగతి.

ఇప్పటి సోఫోస్‌బువిర్ అట్ల కాదు. అది చూడ్డానికి అచ్చం కాగితం మాదిరే ఉండే ఉత్తుత్తి కాగితం. వైరస్ మిషను దాన్ని నిజం కాగితం అనుకుని లోపలికి లాక్కుంటుంది, అంతే, ఇరుక్కుంటుంది, కాపీ సగంలో ఆగిపోతుంది. దాంతో కలిపి ఇచ్చే రెండో మందు, డక్లాటాస్‌విర్ గానీ వెల్పటాస్‌విర్ గానీ, ఆ షాపులో కాపీలు సర్ది కట్టలు కట్టే పనివాడి చేతులు కట్టేస్తుంది. ఇక్కడ ముఖ్యమైన సంగతి ఏందంటే ఆ మిషను వైరస్‌ది, మన కణాల్లో అట్లాంటి మిషను లేదు, కాబట్టి పక్కింటోళ్ళకి పెద్దగా తగలదు. సైడ్ ఎఫెక్ట్లు తగ్గడానికి కారణం ఇదే.

మాటలు చాలు, లెక్క చూపించమంటారా? 2015లో ఆస్ట్రల్-1 అని ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చినాయి. 624 మందికి సోఫోస్‌బువిర్-వెల్పటాస్‌విర్ మాత్ర ఇచ్చినారు, 116 మందికి మందే లేని ఉత్తి మాత్ర ఇచ్చినారు, ఎవరికి ఏది పడిందో వాళ్ళకి తెలీదు. తలనొప్పి అన్నవాళ్ళు అసలు మందు వాళ్ళలో నూటికి 29, ఉత్తి మాత్ర వాళ్ళలో 28. నీరసం? ఇక్కడా 20, అక్కడా 20. వైరస్ పోయింది మాత్రం మందు వేసుకున్నవాళ్ళలో నూటికి 99 మందికి.

నాకు చాలా ఇష్టమైన లెక్క ఇది. మీ తలనొప్పి అబద్ధం అని చెప్పడం లేదు, దయచేసి అట్ల తీసుకోవద్దండి. నొప్పి నిజమే, నీరసం నిజమే. అది తెచ్చినోడు ఎవరు అన్నదే ప్రశ్న. చాలాసార్లు మాత్ర కాదు, జబ్బే, లేదా భయంతో నిద్ర లేకపోవడం, లేదా మనం చేసే వేరే పని. ఆ వేరే పనుల్లో నేను కౌంటర్ దగ్గర చూసే పెద్దవి రెండున్నాయి.

మొదటిది పథ్యం. మన వైపు కాలేయం అనగానే కామెర్లు, కామెర్లు అనగానే పథ్యం. నూనె బంద్, ఉప్పు బంద్, పప్పు బంద్, గుడ్డు బంద్, మజ్జిగన్నం మాత్రం తిని నెలంతా గడిపేస్తారు. ఏం తినకుండా నీరసం రాకుండా ఎట్లుంటుందబ్బా? కాలేయం బాగుపడాలంటే ప్రొటీన్ కావాలి. కాలేయం గట్టిపడి కడుపులోకి నీరు చేరినవాళ్ళకి ఉప్పు తగ్గించమంటారు, అది డాక్టరు చెప్తారు, వాళ్ళకి కూడా పప్పు, గుడ్డు ఆపమని కాదు. మిగతావాళ్ళు రాగి సంగటి, పప్పు, ఆకుకూర, పెరుగు, గుడ్డు, ఇంట్లో ఎప్పుడూ తినేదే తినండి. వాంతి వచ్చేట్టు ఉంటే ఒకేసారి కంచం నిండా కాకుండా కొంచెం కొంచెం నాలుగైదు సార్లు. సంగటి సహించకపోతే ఇడ్లీ, గంజి. మానేయాల్సింది ఒకటుంది, సారాయి, బీరు, బ్రాందీ, ఏదైనా సరే. దాంట్లో "అప్పుడప్పుడు" అనే మాట లేదు.

పసరు గురించి కూడా చెప్పేస్తా. ఆ వీధిలో ఇప్పుడిప్పుడే ఒక దొంగ షాపు మూయించే పని జరగతా ఉంది, మధ్యలో మీరు ఇంకో కొత్త మనిషిని పంపిస్తా ఉండారు, వాడు ఏం పగలగొడతాడో ఎవరికీ తెలీదు. కోవిడ్ టైంలో తిప్పతీగ రసం తాగి కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే డాక్టర్లు రాసినారు. ఆకు కదా, ఏం చేస్తుందిలే అనుకోవద్దు. కోర్సు అయ్యేదాకా పసరు, లేహ్యం, లివర్ టానిక్, డాక్టరుకి చెప్పకుండా ఏదీ వద్దు.

రెండోది గ్యాస్ మాత్ర. ఇది చాలామందికి కొత్తగా ఉంటుంది, అందుకే నిదానంగా చెప్తా. కడుపులో మంట వస్తే "మాత్రలు వేడి చేసినాయి" అని పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, లేకపోతే ఈనో, జెలూసిల్, డైజీన్, ఎవరినీ అడక్కుండానే వేసేసుకుంటారు. కడుపులో పులుపు, అంటే ఆసిడ్, ఉంటేనే వెల్పటాస్‌విర్ బాగా కరుగుతుంది. పులుపు చంపేస్తే మాత్ర సరిగా కరగదు, రక్తంలోకి తక్కువ పోతుంది. అంటే ఆ పనివాడి చేతులు కట్టేయాల్సిన మందు షాపు దాకా సరిగా చేరనే లేదు, జిరాక్స్ మిషను మళ్ళీ తిరగతా ఉంది. సైడ్ ఎఫెక్ట్ తగ్గించుకోబోయి మందునే తగ్గించుకున్నట్టు! ఈనో, జెలూసిల్ లాంటివి తప్పదంటే మాత్రకి నాలుగు గంటల ఎడం ఉండాలి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ రోజూ వాడేవాళ్ళు అయితే డాక్టరుకి తప్పకుండా చెప్పండి, వీలైతే ఆపిస్తారు, తప్పకపోతే ఎట్ల వేసుకోవాలో టైము రాసిస్తారు. మీ షీషా మీద ఏ మందు పేరుందో చూసుకోండి, డక్లాటాస్‌విర్ అయితే ఈ ఇబ్బంది పెద్దగా లేదు.

సరే, తలనొప్పికి ఏం చేయాలి? ముందు నీళ్ళు తాగండి, ఈ రేణిగుంట, తిరుపతి ఎండల్లో సగం తలనొప్పులు నీళ్ళు తక్కువైనవే. తగ్గకపోతే పారాసిటమాల్ 500, కాలేయం జబ్బున్నవాళ్ళు రోజు మొత్తానికి 2 గ్రాములు, అంటే నాలుగు మాత్రలు, దాటొద్దు. "నొప్పి మాత్ర ఇవ్వన్నా" అని డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ మాత్రం తీసుకోవద్దు, కాలేయం గట్టిపడినవాళ్ళకి అవి కిడ్నీకి దెబ్బ, లోపల రక్తస్రావం కూడా తెస్తాయి. నిద్ర పట్టడం లేదంటే మాత్రని పొద్దునకి మార్చుకోండి, పగలు నీరసంగా ఉంటే రాత్రికి మార్చుకోండి, ఏ టైము పెట్టుకున్నా రోజూ అదే టైము. నీరసంగా ఉందని రోజంతా పడుకుంటే రాత్రి నిద్ర రాదు, రేపు ఇంకా నీరసం, అందుకని సాయంత్రం చల్లబడినాక కొంచెం నడవండి.

చాలామంది అడిగేది, శనివారం ఒక్కపొద్దు ఉంటాం కదా, ఆ రోజు మాత్ర మానొచ్చా అని. మానకూడదు. సోఫోస్‌బువిర్ వెల్పటాస్‌విర్ తిన్నాకైనా ఖాళీ కడుపుతోనైనా వేసుకోవచ్చు, దేవుడికి మాత్ర అడ్డం కాదు. ఖాళీ కడుపుతో తిప్పుతుందంటే ఆ ఒక్క పూట తిన్నాక వేసుకోండి, రోజూ వేసుకునే టైము కూడా అదే పెట్టుకోండి.

ఇప్పుడు నిజంగా ఇబ్బంది పెట్టే మందు ఒకటుంది, రిబావిరిన్. ఇది అందరికీ ఇవ్వరు, కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్ళకి, కడుపులో నీరు చేరినవాళ్ళకి జోడిస్తారు. మన జిరాక్స్ షాపు లెక్కలో ఇది సాయానికి పిలిచిన మనిషి, పని చేస్తాడు గానీ చేయి దురుసు, పక్కన ఉండే ఎర్ర రక్తకణాలని కూడా పగలగొడతాడు. అందుకే మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, ముఖం పాలిపోవడం. దురద, దద్దు, పొడి దగ్గు కూడా వస్తాయి. ఇక్కడ అందరూ చేసే పని రక్తం టానిక్ కొనడం. అన్నా, అక్కా, ఇది ఐరన్ తక్కువై వచ్చిన రక్తహీనత కాదు, ఉన్న కణాలు పగిలిపోయి వచ్చింది, కాబట్టి ఐరన్ టానిక్ దీనికి మందు కాదు, కాలేయం జబ్బులో అక్కర్లేని ఐరన్ పేరుకుంటే చెడ్డది కూడా. మొదటి నెలలోనే హిమోగ్లోబిన్ పరీక్ష డాక్టరు చెప్పిన తేదీకి చేయించుకోండి, తగ్గితే డోసు వాళ్ళు తగ్గిస్తారు. మీరు తగ్గించొద్దు. రిబావిరిన్ కడుపులో బిడ్డకి చాలా ప్రమాదం, మందు మొగుడు వేసుకున్నా పెళ్ళాం వేసుకున్నా, కోర్సులోనూ, అయిపోయినాక మొగుడు వేసుకుంటే ఆరు నెలలూ, పెళ్ళాం వేసుకుంటే తొమ్మిది నెలలూ గర్భం రాకుండా చూసుకోవాలి. సిగ్గుపడి అడగకుండా వదిలేసే విషయం ఇది, అందుకే గట్టిగా చెప్తా ఉండా.

టైం అయిపోతా ఉంది, మిగిలినవి గబగబా చెప్పేస్తా, రాసుకోండి.

షుగర్ ఉండేవాళ్ళు, వైరస్ తగ్గే కొద్దీ షుగర్ కూడా దిగొచ్చు, పాత డోసే వేసుకుంటే లో షుగర్ అయి చెమటలు, వణుకు వస్తాయి, అది కూడా మాత్ర వేడి కాదు, ఇంట్లో మిషను ఉంటే జాస్తిగా చూసుకోండి, డాక్టరుకి చెప్తే షుగర్ మందు తగ్గిస్తారు. గుండెకి అమియోడరోన్ వాడేవాళ్ళు సోఫోస్‌బువిర్ మొదలు కాకముందే చెప్పాలి, రెండూ కలిస్తే గుండె వేగం ప్రమాదంగా పడిపోవచ్చు. ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్, టీబీకి వాడే రిఫాంపిసిన్, ఇవి మన మందుని నాశనం చేసేస్తాయి. కొలెస్ట్రాల్ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు ఉన్నా చెప్పండి. ఒకటే పని, ఇంట్లో ఉండే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని డాక్టరు దగ్గరికి పోండి. హెపటైటిస్ బి పరీక్ష చేసినారా అని కూడా అడగండి, సి తగ్గేటప్పుడు లోపల దాక్కున్న బి లేచే అవకాశం ఉంది.

మాత్ర మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మర్నాటి టైము దగ్గర పడిపోయి ఉంటే వదిలేసి మర్నాడు ఒకటే, రెండు కలిపి వద్దు. మింగిన రెండు మూడు గంటల్లో వాంతి అయితే డాక్టరుకి ఫోన్ చేసి అడగండి, మళ్ళీ ఒకటి వేసుకోమనొచ్చు. షీషాలో 28 మాత్రలు ఉంటాయి, కుప్పం, పలమనేరు నుంచి తిరుపతికి వచ్చేవాళ్ళు ఇంకో వారం మాత్రలు ఉండగానే రండి, అయిపోయినాక కాదు. స్కూటర్ డిక్కీలో ఎండలో పెట్టొద్దు. డబ్బుల వల్ల ఆపేవాళ్ళు కూడా ఉండారు, 2018 జూలై 28 నుంచి జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం నడస్తా ఉంది, దాని కింద పరీక్షలూ మందులూ ఉచితం, రుయా లాంటి ప్రభుత్వ పెద్దాసుపత్రికి పోయి ఆ పేరు చెప్పి అడగండి.

రక్తం వాంతి, నల్లటి విరేచనం, కళ్ళు పచ్చబడడం, పొట్ట ఉబ్బడం, మనిషి తికమకగా మాట్లాడడం, కళ్ళు తిరిగి పడిపోవడం, వీటికి వీడియోలు చూడొద్దు, అదే గంటలో ఆసుపత్రికి పోండి.

ఆఖరిది. కోర్సు అయిపోయిన 12 వారాలకి హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, అందులో వైరస్ లేదంటే జబ్బు పోయినట్టే. యాంటీబాడీ పరీక్ష చేయించుకుని "ఇంకా పాజిటివ్ ఉంది, మందు పనిచేయలేదు" అని ఏడ్చినవాళ్ళని చూసినా. యాంటీబాడీ అంటే వైరస్‌తో పోట్లాడడానికి మన ఒళ్ళు తయారుచేసుకున్నది, మూతపడిన షాపు పాత బిల్లు పుస్తకం లాంటిది, షాపు లేకపోయినా అది ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ పరీక్షే అడగండి, తేదీ ఇప్పుడే క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. కాలేయం ముందే గట్టిపడి ఉంటే వైరస్ పోయినా ఆరు నెలలకోసారి స్కానింగ్ ఉంటుంది, అది మానొద్దు. డౌట్లు కింద రాయండి, నేను చూసి జవాబిస్తా, రిపోర్టుల ఫోటోలు, పేర్లు మాత్రం పెట్టొద్దు, అందరికీ కనపడతాయి.