అటారీలో పరేడ్, అమృత్‌సర్‌లో కుల్చా

అందరికీ నమస్కారం. లైబ్రరీ వాళ్లు "పంజాబ్ పోయొచ్చారు కదా, కాసేపు మాట్లాడండి" అంటే సరే అన్నాను గానీ ఫోటోలు వేసి చూపించమంటే మాత్రం వద్దన్నాను. కాలు తల దాకా లేపే జవాను, మీసం మెలేసే జవాను, ఆ వీడియోలన్నీ మీ ఫోన్లలో ఇప్పటికే ఉన్నాయి. వాటిలో పట్టని సంగతులు కొన్ని చెప్తాను, అందులోనూ తిండి సంగతే ఎక్కువ.

ముందు ఆ పరేడ్ జరిగే చోటు, అంటే మన దేశానికీ పాకిస్తాన్‌కూ మధ్య ఉన్న సరిహద్దు గురించి. అమృత్‌సర్ నుంచి సుమారు 30 కిలోమీటర్లు పోతే అటారీ, అది మన ఊరు. వాఘా అవతలి వైపు ఊరు, అక్కడి నుంచి లాహోర్ సుమారు 25 కిలోమీటర్లు. మొత్తం కలిపితే మన వరంగల్ నుంచి జనగామ పోయినంత దూరం, ఆ మధ్యలో పాత గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద అడ్డంగా రెండు గేట్లు. మనకు తెలిసిన సరిహద్దు అంటే కాళేశ్వరం దగ్గర నది, అవతల మహారాష్ట్రలో సిరోంచ, అక్కడా తెలుగు వినిపిస్తుంది, ఎవరూ ఆపి అడగరు. అలాంటి చోటు నుంచి పోయినవాళ్లకు అటారీ ముళ్లకంచె చూస్తే కాసేపు మాట రాదు.

సాయంత్రం ఆ గేట్ల దగ్గర రెండు దేశాల జెండాలు దించే ఈ పరేడ్ 1959 నుంచి నడుస్తోంది. మన వైపు సరిహద్దు కాపలా కాసే బీఎస్ఎఫ్ దళం, అవతల నల్ల డ్రస్సులో పాకిస్తాన్ రేంజర్లు. టికెట్ లేదు. సూర్యాస్తమయాన్ని బట్టి టైమ్ మారుతుంది కాబట్టి చలికాలంలో పోయేవాళ్లు మూడింటికల్లా అక్కడుంటే మంచి సీటు దొరుకుతుంది. సంచులు లోపలికి రానివ్వరు, మా ఆడవాళ్లు సంక్రాంతికి చేసిన సకినాలు మూట కట్టుకొని తెచ్చారు, అది కారులోనే ఉండిపోయింది. ఆ చెకింగులకు విసుక్కోకండి. 2014 నవంబర్ 2న అవతలి వైపు పరేడ్ చూసి జనం తిరిగి పోతుంటే ఆత్మాహుతి దాడి జరిగింది, 50 మందికి పైగా చనిపోయారు.

పరేడ్‌కు ముందు ఆడవాళ్లకు జెండాలిచ్చి గేటు దాకా పరుగెత్తిస్తారు, తర్వాత పాటలు పెడితే రోడ్డు మీదే డ్యాన్సులు. మా అత్తమ్మ బతుకమ్మ దగ్గర తప్ప ఎక్కడా ఆడని మనిషి, ఆమె కూడా దిగింది! మైకు పట్టుకున్న ఆయన అరవమంటే మనం అరవాలి, అవతల వాళ్లాయన అరవమంటే వాళ్లు అరుస్తారు. నిజం చెప్పాలంటే కాసేపయ్యాక ఆ అరుపులు నాకు మొహం మొత్తాయి.

నేను మిమ్మల్ని చూడమనేది వేరే ఉంది. ఇటు జవాను కాలు లేపిన క్షణమే అటు జవాను లేపుతాడు, 2025 ఏప్రిల్ దాకా ఇటు గేటు తీసిన క్షణమే అటూ తీసేవారు. జెండాల తాళ్లు ఏటవాలుగా ఉంటాయి, రెండు జెండాలూ ఒకే వేగంతో దిగుతూ మధ్యలో ఒకదాన్నొకటి దాటుతాయి, ఏదీ క్షణం సేపైనా రెండోదానికన్నా పైన కనబడకూడదు. మాట్లాడుకోకుండా, కలిసి లెక్క పెట్టుకోకుండా ఇది కుదురుతుందా? చూడ్డానికి కొట్లాటే, కానీ ఇంత ఒద్దికగా కొట్లాడాలంటే ఇద్దరూ ముందే ఒప్పుకొని ఉండాలి. 2010లో దూకుడు కొంత తగ్గించుకున్నారు, మన వైపు మహిళా జవాన్లు పరేడ్‌లోకి వచ్చిందీ ఆ ఏడాదే. మేం పోయినప్పుడు చివర్లో గేటు తీసి గట్టిగా ఒక షేక్‌హ్యాండ్ ఇచ్చుకున్నారు. 2025 ఏప్రిల్ 22న కశ్మీర్‌లోని పహల్గాంలో ఉగ్రవాదుల దాడి జరిగాక గేటు తీయడం, చేతులు కలపడం ఆపేశారు, మేలో కొన్నాళ్లు జనాన్నే రానివ్వలేదు. మళ్లీ రానిచ్చాక కూడా మూసిన గేటు వెనకే జెండా దించారు.

ఇక తిండి. అమృత్‌సర్‌లో పొద్దున కుల్చా తినాలి, మధ్యాహ్నం దాటితే చాలా కొట్లలో దొరకదు. మైదా పొరల మధ్య ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, దంచిన ధనియాలు పెట్టి తందూర్ గోడకు అతికిస్తారు, తీశాక పైన వెన్న వేసి చేత్తో నలిపేస్తారు, పక్కన శనగల కూర, చింతపండు చట్నీ. ఇక్కడ హోటళ్లలో కుల్చా పేరుతో పెట్టే మెత్తని రొట్టెకూ దీనికీ చుట్టరికం కూడా లేదు. చలికాలమైతే మక్క రొట్టె, ఆవాకు కూర. మనం మక్కలతో గారెలు చేస్తాం, గటక వండుకుంటాం, అందుకని ఆ రొట్టె కొత్తగా అనిపించలేదు. కానీ మనకు పోపులో చిటపటలాడే ఆవాల మొక్క ఆకును గంటలు గంటలు ఉడికించి తింటారని అక్కడే చూశాను. కొంచెం చేదు, పైన తెల్ల వెన్న, పక్కన బెల్లం ముక్క. పిల్లలకు నచ్చలేదు, నేను రెండుసార్లు అడిగి వేయించుకున్నాను.

పాత బజారులో కేసర్ దా ఢాబా ఉంది. 1916లో షేఖుపురాలో పెట్టారు, ఆ ఊరిప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. విభజనప్పుడు ఇటు వచ్చి మళ్లీ పొయ్యి వెలిగించారు. రాత్రంతా సన్న సెగ మీద ఉడికిన మినప్పప్పు అక్కడ తినేటప్పుడు, పొద్దుగూకే వేళ గేటు దగ్గర అరిచిన అరుపులు నాకైతే కాస్త ఇబ్బందిగా గుర్తొచ్చాయి. ఇది అమృత్‌సర్ కథ ఒక్కటే అనుకోకండి. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పెషావర్ నుంచి వచ్చినవాళ్లు 1947లో ఢిల్లీ దర్యాగంజ్‌లో మోతీ మహల్ పెట్టారు, తందూరీ చికెన్‌కు దేశమంతా పేరొచ్చింది అక్కడి నుంచే. మన హన్మకొండ రోడ్ల మీద ఆదివారం సాయంత్రం కమ్మీకి గుచ్చిన కోడి కూడా ఆ లెక్కన సరిహద్దు దాటి వచ్చిందే. శివరాత్రి ఉపవాసానికి వాడే సైంధవ లవణం మనకు ఎక్కువగా పాకిస్తాన్ పంజాబ్‌లోని ఖేవ్రా గనుల నుంచే వచ్చేది. 2019లో అక్కడి సరుకుల మీద 200 శాతం సుంకం వేశారు, 2025 మేలో దిగుమతులే పూర్తిగా ఆపేశారు.

స్వర్ణ దేవాలయంలో లంగర్, అంటే వచ్చినవాళ్లందరికీ పెట్టే భోజనం, రాత్రీ పగలూ నడుస్తుంది, డబ్బు లేదు, కులం లేదు, అందరూ నేల మీద వరసలో కూర్చోవాలి. రొట్టె వచ్చినప్పుడు రెండు చేతులూ చాపి తీసుకోవాలి, ప్రసాదం కదా. తిన్నాక గిన్నెలు తోమడానికి మీరూ కూర్చోవచ్చు, ఎవరూ వద్దనరు.

వెళ్లే రూటు అడుగుతున్నారు. కాజీపేట నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి అమృత్‌సర్‌కు రైళ్లు బాగానే ఉన్నాయి, జనవరిలో మాత్రం మంచుకు గంటలకొద్దీ లేటవుతాయి, తిరుగు టికెట్ దగ్గర దగ్గర పెట్టుకోవద్దు. జనం గోల వద్దనుకుంటే ఫిరోజ్‌పూర్ దగ్గర హుస్సేనీవాలా పోండి, అక్కడా పరేడ్ ఉంది, గ్యాలరీ చిన్నది, పక్కనే భగత్ సింగ్, సుఖ్‌దేవ్, రాజ్‌గురుల స్మారకం. అన్నం లేకుండా ఉండలేమనే పెద్దలు మామిడికాయ తొక్కు సీసా పెట్టుకోండి, బియ్యం అక్కడ బాస్మతే గనక దానికి మన తొక్కు అంత కుదరదు, ముందే చెప్తున్నా.