కూలిన చెట్టును చైన్ సాతో కోసే ముందు

[దృశ్యం: నేలకొరిగిన కొబ్బరి తోట. దూరంగా మిషన్ మోత.]

నమస్తే అండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటింది. ఉద్దానంలో ఏళ్ల తరబడి పెంచుకున్న కొబ్బరి, జీడి చెట్లు ఎక్కడికక్కడ కూలిపోయాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న, విశాఖపట్నంలో హుద్‌హుద్ చేసిన పనీ అదే. గాలి ఆగాక దారి తెరుచుకోవాలంటే చెట్లు కోసే మిషన్, అదే చైన్ సా, పట్టాల్సిందే. అప్పటిదాకా దాన్ని ముట్టుకోనివాళ్లు కూడా ఆ తొందరలో పట్టేస్తారు. ఈ వీడియో వాళ్ల కోసం.

ముందు పైకి చూడండి. కొమ్మల్లో కరెంటు తీగ చిక్కుకుని ఉంటే ఆ చెట్టు జోలికి వెళ్లకండి. ఊళ్లో కరెంటు లేదు కదా అనుకోవద్దు. ఎవరింట్లోనో తప్పుగా కలిపిన జనరేటర్ నుంచి కూడా ఆ తీగలోకి కరెంటు వెనక్కి రావచ్చు. లైన్‌మన్ వచ్చి చూసి సరేనన్నాకే పని మొదలుపెట్టండి.

[దృశ్యం: లుంగీ, మెడలో తువ్వాలు, కాళ్లకు చెప్పులతో ఒక మనిషి. తర్వాత అదే మనిషి ప్యాంటు, బూట్లు, హెల్మెట్, కళ్లద్దాలతో.]

లుంగీ, తువ్వాలు వద్దండి. వేలాడే గుడ్డ మిషన్‌లో తిరిగే పళ్ల గొలుసుకు తగిలితే క్షణంలో లోపలికి లాగేస్తుంది. ఈ పనికి ప్రత్యేకంగా ప్యాంట్లు దొరుకుతాయి. గొలుసు తగిలితే వాటి లోపలి పొడవాటి పోగులు బయటికి వచ్చి, గొలుసు తిప్పే చక్రానికి చుట్టుకుని మిషన్‌ని ఆపేస్తాయి. ఖరీదే, కానీ రోజూ ఇదే పని చేసేవాళ్లు కొనుక్కుని తీరాలని నా మాట. చెవులకూ రక్షణ పెట్టుకోండి. పెట్రోల్ మిషన్ మోత 100 డెసిబెల్స్ దాటుతుంది.

మిషన్ స్టార్ట్ చేసేటప్పుడు గాల్లో వేలాడదీసి తాడు లాగడం చాలామందికి అలవాటు. ఆ అలవాటు మానుకోండి. నేల మీద పెట్టి, గొలుసు తిరగకుండా ఆపే చైన్ బ్రేక్ వేసి, ఎడమ చేత్తో ముందు పిడి పట్టుకుని, కుడి బూటు ముందు భాగాన్ని వెనక పిడిలో దూర్చి తొక్కిపట్టి, అప్పుడు లాగాలి. పెట్రోల్ పోసిన చోటే స్టార్ట్ చేయొద్దు, కనీసం పది అడుగుల దూరం పక్కకు రండి.

[దృశ్యం: బార్ కొన దగ్గరగా. కొనలో పై సగం ఎర్ర రంగుతో.]

గొలుసు చుట్టూ తిరిగే ఈ పొడవాటి రేకే బార్. దాని కొనలో ఈ ఎర్ర భాగం చూడండి. గొలుసు తిరుగుతుండగా ఈ పై మూల కొమ్మకో మొద్దుకో తగిలితే మిషన్ ఒక్కసారిగా మన ముఖం వైపు ఎగదన్నుతుంది. చెయ్యి అడ్డం పెట్టే టైమ్ కూడా ఉండదు. అందుకే రెండు చేతులూ పిడుల మీదే ఉండాలి, ఎడమ బొటనవేలు ముందు పిడి కిందుగా చుట్టుకుని ఉండాలి. బార్‌కు సూటిగా వెనక కాకుండా కాస్త ఎడమకు నిలబడండి. భుజం ఎత్తు దాటి కోయొద్దు, నిచ్చెన ఎక్కి అసలే వద్దు. కోత నుంచి ముక్కలు కాకుండా పిండిలాంటి పొట్టు వస్తోందంటే పదును పోయిందని అర్థం. కొబ్బరి మాను బయటి పొర చాలా గట్టి, పదును త్వరగా తినేస్తుంది. పదును లేని మిషన్‌ని మనం బలం పెట్టి నొక్కుతాం, చెయ్యి జారేది అప్పుడే. ఆపి, ఆకురాయి పట్టండి.

ఇక అసలు విషయం. పడిపోయిన చెట్టు కదలకుండా ఉంది కదా అనిపిస్తుంది. వెదురు బద్దను వంచి పట్టుకుంటే అదీ కదలదు, వదిలి చూడండి ఎలా కొడుతుందో. కూలిన మానులోనూ అదే బలం దాగి ఉంటుంది.

[దృశ్యం: రెండు దిమ్మెల మీద ఆనిన దుంగ.]

రెండు చివరలూ ఆని మధ్యలో గాల్లో ఉన్న మాను పైవైపు నొక్కుకుని ఉంటుంది, కింది వైపు సాగి ఉంటుంది. ముందు పైనుంచి మూడో వంతు మందం మాత్రమే కోయాలి. ఇంకా లోపలికి వెళ్తే కోత మూసుకుని బార్‌ని పట్టేస్తుంది. మిగతాది కింది నుంచి పైకి కోసి కలపాలి. అలా కోసేటప్పుడు మిషన్ మన వైపు నెడుతుంది, గట్టిగా నిలబడండి. ఒక చివర వేలాడుతుంటే వరస తిరగబడుతుంది: ముందు కింది నుంచి మూడో వంతు, తర్వాత పైనుంచి. ఇక్కడ మొదటే పైనుంచి కోస్తే మాను నిలువునా చీలి ఎగరొచ్చు. విల్లులా పక్కకు వంగిన కొమ్మ దగ్గర వంపు లోపలి వైపే నిలబడాలి. అది తన్నేది బయటి వైపుకు.

నాకు అన్నిటికంటే భయం వేసేది వేళ్లతో సహా పెకలించుకుపడిన చెట్టు. మట్టితో లేచిన ఆ వేళ్ల దిమ్మను మాను బరువే పక్కకు లాగి పట్టుకుంటుంది. మాను కోయగానే ఆ దిమ్మ వెనక్కి తిరిగి గోతిలోకి కూర్చోవచ్చు. పిల్లలు ఆడుకోవడానికి దిగేది సరిగ్గా ఆ గోతిలోకే. మిషన్ స్టార్ట్ చేసే ముందు వెళ్లి లోపల ఎవరూ లేరని కళ్లారా చూడండి. కోత పూర్తయ్యేదాకా అటు ఎవర్నీ రానివ్వకుండా ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిని అక్కడ నిలబెట్టండి, గోతికి బాగా దూరంగా.