పోటీ కుక్కకి ఫిట్‌నెస్ ప్లాన్: జనవరి నుంచి వెనక్కి లెక్కేద్దాం

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ మధ్య మీలో చాలామంది అడుగుతున్నది ఎజిలిటీ గురించే, అదే, కుక్క వరసగా అడ్డంకులు దాటుతూ పరిగెత్తే పోటీ. "మావాడు హర్డిల్స్ బాగానే దూకుతున్నాడు, రోజూ ప్రాక్టీస్ చేయిస్తున్నాం, ఫిట్‌నెస్‌కి అది చాలదా" అని. అందుకే పోటీ కుక్కలకి శిక్షణ ఇచ్చే అన్నని హైదరాబాద్ స్టూడియోకి పిలిచాను. అన్నా, సూటిగా చెప్పండి. చాలదా?

ట్రైనర్: చాలదమ్మా. పైగా కుక్కలు పాడయ్యేదే అక్కడ. ప్రపంచ పోటీలు నడిపే ఎఫ్‌సీఐ నియమాల్లో ఎజిలిటీ కోర్సు పొడవు 100 నుంచి 220 మీటర్లు, అందులో 15 నుంచి 22 అడ్డంకులు. మంచి కుక్క నిమిషం లోపే ముగించేస్తుంది. ఆ కాసేపట్లో ఎన్నిసార్లు దూకుతుంది, ఎన్నిసార్లు గిర్రున తిరుగుతుంది! ఊరికే నిలబడి ఉన్నప్పుడే ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీద ఉంటుంది. దూకి దిగేటప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది. ఎజిలిటీ కుక్కల్లో భుజం దెబ్బలు అంత మామూలు కావడానికి ఇదొక కారణం. హర్డిల్ దగ్గర నేర్పేది పని. ఆ పని తట్టుకునే ఒళ్లు మాత్రం హర్డిల్‌కి దూరంగా తయారవ్వాలి.

హోస్ట్: అలిసిపోతే కుక్కే ఆగిపోతుంది కదా అంటారు కొందరు.

ట్రైనర్: ఆగదు! బోర్డర్ కోలీ, మాలినోయిస్ లాంటివి బంతి కనిపిస్తే కుంటుతూ కూడా లేచి వస్తాయి. ఎప్పుడు ఆపాలో మనమే ముందు రాసిపెట్టుకోవాలి. ప్లాన్ కాగితం మీద ఉండాలనేది అందుకే.

హోస్ట్: మరి ఆ కాగితం ఎక్కడ మొదలుపెట్టాలి?

ట్రైనర్: పోటీ తేదీ దగ్గర. మన దగ్గర షోలు, పోటీలు ఎక్కువగా చలికాలంలోనే. జనవరిలో పోటీ అనుకోండి, అక్కడి నుంచి వెనక్కి రావాలి. డిసెంబర్లో కొత్త బరువులు, కొత్త దూరాలు ఏవీ వద్దు, ఉన్నది నిలబెట్టుకోవడమే. అక్టోబర్, నవంబర్ వేగానికి: చిన్న చిన్న పరుగులు, మధ్యలో బాగా విశ్రాంతి. వానాకాలమంతా దమ్ముకి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ వల్ల బయట ఎలాగూ పెద్దగా కుదరదు, అప్పుడు ఇంట్లో బలం పని చేసుకోవచ్చు. సీజన్ అయ్యాక కొన్ని వారాలు ఏ పరికరమూ ముట్టుకోకుండా మామూలు కుక్కలా తిరగనివ్వాలి.

హోస్ట్: దమ్ము అంటే పార్కులో వదిలేసి బంతి విసరడమేనా?

ట్రైనర్: అది కాదమ్మా. బంతి వెనక పరుగంటే వేగంగా పోవడం, ఠక్కున ఆగడం, ఒళ్లు మెలితిప్పడం. దమ్ముకి ట్రాట్ కావాలి. నడకకీ పరుగుకీ మధ్య ఉండే అడుగు అది. కుడి ముందుకాలు, ఎడమ వెనక్కాలు కలిసి పడతాయి, తర్వాత మిగతా రెండు కాళ్లు. రెండు పక్కలూ సమానంగా పనిచేస్తాయి. లీష్ పట్టుకుని మీరు జాగింగ్ చేస్తే కుక్క ట్రాట్‌లోకి వస్తుంది. మొదట పది నిమిషాలు చాలు, వారానికి మూడుసార్లు. కొన్ని వారాల మీద మెల్లగా అరగంట దాకా తేవచ్చు. దూరం పెంచిన వారం వేగం పెంచొద్దు, వేగం పెంచిన వారం దూరం పెంచొద్దు. రెండూ ఒకేసారి పెంచితే, తేడా వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తెలియదు.

హోస్ట్: ఇంట్లో బలం పని అన్నారు. జిమ్ సామాను కొనాలా?

ట్రైనర్: రెండు పీవీసీ పైపులు, నాలుగు ఇటుకలతో మొదలుపెట్టొచ్చు. ఇటుకని పడుకోబెట్టి దాని మీద పైపు పెట్టండి, బెత్తెడు ఎత్తు చాలు. పైపుకీ పైపుకీ మధ్య దూరం మీ కుక్క భుజం ఎత్తంత. అలవాటయ్యాక పైపులు పెంచుకుంటూ పోవచ్చు. వాటి మీదుగా మెల్లగా నడిపించాలి, దూకించకూడదు. ప్రతి కాలూ విడిగా ఎత్తి, చూసుకుని పెట్టాలి. చాలా కుక్కలకి వెనక్కాళ్లు ఎక్కడ పడుతున్నాయో ధ్యాసే ఉండదు, ఇది ఆ ధ్యాస నేర్పుతుంది. మొదట శుభ్రంగా దాటిన కుక్క వెనక్కాలి వేళ్లు పైపుకి తగిలించడం మొదలుపెట్టిందంటే అలిసింది. అక్కడే ఆపేయండి, ఇంకొక్కసారి అనొద్దు.

రెండోది కూర్చో-లే. చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది. వెనక్కాళ్లు రెండూ ఒంటి కింద తిన్నగా మడిచి కూర్చోవాలి, ముందుకాళ్లు కదపకుండా లేవాలి. ఒక కాలు పక్కకి పారేసి కూర్చుంటే లెక్కలోకి రాదు. గోడ పక్కన కూర్చోబెడితే ఆ కాలు బయటికి పోదు. రోజూ ఒకే పక్కకి పారేస్తుంటే మాత్రం వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి, అది బద్ధకం కాకపోవచ్చు. బలం పని చేసిన మర్నాడు మళ్లీ బలం పని వద్దు.

ఇంకోటి, ఇదంతా చాప మీదో రబ్బర్ మ్యాట్ మీదో చేయాలి. మన ఇళ్లలో గ్రానైట్, టైల్స్. వాటి మీద కుక్క జారుతూనే ఉంటుంది, జారినప్పుడల్లా తొడ లోపలి కండరం లాగుతుంది. నడుస్తుంటే గోళ్లు టకటకమని వినపడితే కత్తిరించాల్సిన టైం అయినట్టే.

హోస్ట్: ఎండ సంగతి?

ట్రైనర్: కుక్కకి ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్ల దగ్గర కాస్త, మిగతాదంతా నోరు తెరిచి వగర్చడంతోనే. మామూలుగా దాని ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. పరుగులో అది గబగబా పెరుగుతుంది. నాలుక చివర గరిటెలా వెడల్పై అంచులు పైకి మడుచుకుంటే ఆ రోజుకి చాలు. నీడకి తీసుకెళ్లి నీళ్లతో తడపండి, గాలి తగలనివ్వండి. తూలినా, వాంతి చేసుకున్నా తడుపుతూనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మన దగ్గర తెల్లవారుజామే మేలు, సాయంత్రం తారు రోడ్డు ఇంకా కాలుతూనే ఉంటుంది.

హోస్ట్: కుక్కపిల్లలకి ఎప్పుడు మొదలుపెట్టాలి? ఎనిమిది నెలల పప్పీని ఎత్తు హర్డిల్ దూకించే వీడియోలు చూస్తుంటాం.

ట్రైనర్: అవి చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఎముకల చివర్లలో పెరిగే భాగం గట్టిపడడానికి ఏడాది, పెద్ద జాతులకి ఏడాదిన్నర దాకా పడుతుంది. ఎఫ్‌సీఐ పోటీలోకి 18 నెలలు నిండందే రానివ్వరు. అప్పటిదాకా మట్టి మీద నడక, నేల మీద పెట్టిన పైపులు, మాట వినడం. నేర్పడానికి కావలసినంత ఉంది.

హోస్ట్: తిండి గురించి ఒక్క మాట.

ట్రైనర్: బరువు గురించి చెప్తాను. 2002లో వచ్చిన ఒక పరిశోధనలో 48 లాబ్రడార్‌లని జోడీలుగా చేసి జీవితాంతం గమనించారు. జోడీలో రెండోదానికన్నా 25 శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల అరుగుదల కూడా ఆలస్యంగా వచ్చింది. పక్కటెముకలు కంటికి కొట్టొచ్చినట్టు కనపడకూడదు, చేత్తో తడిమితే మాత్రం తెలియాలి. తెలియకపోతే ప్లాన్లో మొదటి పని బరువు తగ్గించడమే. కడుపు నిండా తిన్న వెంటనే పరిగెత్తించొద్దు.

హోస్ట్: అన్నీ పద్ధతిగా చేస్తున్నా కుక్క ఉన్నట్టుండి డల్ అయిపోతే?

ట్రైనర్: మన వాతావరణంలో నేను ముందు అనుమానించేది టిక్ ఫీవర్, అంటే పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జ్వరం. నిన్నటిదాకా అరగంట ట్రాట్ చేసినది పది నిమిషాలకే వెనకపడుతోందంటే, దాన్ని తిట్టకండి, గట్టిగా లాగకండి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో వెతకండి. కనపడకపోయినా రక్తపరీక్ష చేయించండి, ప్లేట్‌లెట్స్ చూస్తారు.

హోస్ట్: పోటీ రెండు వారాల్లో ఉంటే?

ట్రైనర్: పేరు వెనక్కి తీసుకోవాలి. మందుల కోర్సు పూర్తవ్వాలి, మళ్లీ పరీక్షలో సరిగ్గా ఉందని డాక్టర్ చెప్పాలి. ఆ తర్వాత కూడా ఆపిన చోటి నుంచి కాదు, పది నిమిషాల ట్రాట్ నుంచే.