పిన్నిగారా, మేజర్ గారా? సైన్యంలో పనిచేసిన ఆడవాళ్ళతో పాడ్‌కాస్ట్ చేయడం ఎలా

[దృశ్యం: కాలవ గట్టు, కొబ్బరి చెట్లు. ఒక పెంకుటింటి అరుగు మీద పాత ట్రంకు పెట్టె.]

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఒక ఊరుంది. అందరూ మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరివాళ్ళు వెళ్ళారు. ఆ పేరు వినగానే మనకి తాతల మీసాలు, గోడ మీద పతకాలు గుర్తొస్తాయి. కానీ మన గోదావరి జిల్లాల నుంచి యూనిఫాం వేసుకున్న ఆడవాళ్ళూ ఉన్నారు. సర్వీసు అయిపోయి ఇంటికొచ్చాక వాళ్ళు వీధిలో ఎవరికో పిన్ని, ఎవరికో అత్తయ్య. అంతకుముందు ఏం చేశారో అడిగేవాళ్ళు తక్కువ. మేం అడుగుతున్నాం, రికార్డ్ చేస్తున్నాం. మీరూ చేయాలనుకుంటే ఎలాగో చెప్తాను.

మైకుల సంగతి తర్వాత. ముందు కొంచెం చదువుకోవాలండీ.

మా మొదటి ఎపిసోడ్‌లో నేనడిగిన ప్రశ్న ఇది: "14 ఏళ్ళు చేశాక ఎందుకు మానేశారండీ? పిల్లల కోసమా?" ఆవిడ నా వైపు కాసేపు చూసి, "నేను మానలేదమ్మా. నాకిచ్చిన సర్వీసే అంత" అన్నారు. ఆ తర్వాత అరగంట పొడిపొడిగానే మాట్లాడారు. తప్పు నాదే.

[తెర మీద: 1992 – 2020]

జరిగింది ఏమిటంటే, వైద్య విభాగాల్ని పక్కన పెడితే, సైన్యం ఆడవాళ్ళని ఆఫీసర్లుగా తీసుకోవడం మొదలుపెట్టింది 1992లో. అదీ షార్ట్ సర్వీస్ కింద. మొదట ఐదేళ్ళే. తర్వాత పదేళ్ళు, ఆపైన 14 ఏళ్ళ దాకా పొడిగించారు. ఆఫీసరుకి పెన్షన్ రావాలంటే 20 ఏళ్ళు నిండాలి. అంటే 14 ఏళ్ళు కష్టపడి, నలభైకి అటూ ఇటూ వయసులో, పెన్షన్ లేకుండా ఇంటికి రావాలి. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు తీర్పిచ్చాకే చాలా విభాగాల్లో పర్మనెంట్ కమిషన్‌కి, అంటే రిటైర్మెంట్ వయసు దాకా ఆఫీసరుగా కొనసాగడానికి, దారి దొరికింది. ఇదంతా తెలిసినవాళ్ళు "ఎందుకు మానేశారు" అని అడగరు. "ఆఖరి రోజున యూనిఫాం ఏం చేశారు?" అని అడుగుతారు.

అందుకే ఫోన్‌లో మాట్లాడినప్పుడే ఏ సంవత్సరం చేరారో తెలుసుకోండి. సగం ప్రశ్నలు ఆ సంవత్సరమే చెప్తుంది. 1995లో సప్లై విభాగంలో చేరినావిడ అనుభవం వేరు. 2021లో మిలటరీ పోలీస్ శిక్షణ పూర్తిచేసిన అమ్మాయి అనుభవం వేరు. ఆఫీసర్లుగా కాకుండా జవాన్లుగా వచ్చిన ఆడవాళ్ళలో మొదటి బ్యాచ్ అదే.

నర్సుల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. మన దేశంలో మిలటరీ నర్సింగ్ చరిత్ర 1888లో మొదలైంది. 1943 నుంచి వాళ్ళు ఆఫీసర్లు. లెఫ్టినెంట్‌గా చేరతారు, మేజర్ జనరల్ దాకా ఎదగొచ్చు. అలాంటావిడని ఊళ్ళో "నర్సమ్మ" అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆవిడ భుజం మీద నక్షత్రాలున్న సంగతి అందులో లేదు. తిరుపతిలో పుట్టిన పద్మా బందోపాధ్యాయ గారు కూడా వాయుసేనలో చేరింది డాక్టరుగానే. ఎయిర్ మార్షల్ అయిన మొదటి మహిళ ఆవిడే.

ఎలా పిలవాలన్నది నేర్చుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది. మా వీధిలో ఒకావిడని చిన్నప్పటి నుంచి పిన్నిగారూ అనే పిలిచేదాన్ని. పిన్నిగారూ అన్నంతసేపు కాఫీ, పిల్లల చదువులు. మైకు పెట్టి "మేజర్ గారూ" అనేసరికి ఆవిడ నిటారుగా కూర్చున్నారు. గొంతే మారిపోయింది. ఎలా పిలవాలో వాళ్ళనే అడగండి, ఎపిసోడ్ మొత్తం అలాగే పిలవండి.

"భయం వేయలేదా?", "ఆడపిల్లై ఉండి ఎలా చేశారు?" లాంటివి వద్దు. వాటికి వాళ్ళ దగ్గర ఎప్పుడో అరిగిపోయిన జవాబులుంటాయి. చేతికి తగిలే వస్తువు గురించి అడగండి. "మొదటి పోస్టింగ్‌కి వెళ్ళేటప్పుడు ట్రంకు పెట్టెలో ఏమున్నాయి?" అంటే ఒకావిడ, ఆవకాయ సీసా, దాని కింద ఇరవై ఇన్‌లాండ్ లెటర్లు అన్నారు. ఇరవైటి మీదా నాన్నగారు ఇంటి అడ్రసు ముందే రాసి పెట్టారట. అక్కడి నుంచి రెండు గంటలు నేను నోరు మెదపాల్సిన పని రాలేదు.

ఇంట్లోవాళ్ళు పక్కన కూర్చుంటే జవాబులు వాళ్ళే చెప్పేస్తారు. భర్తగారైనా, కొడుకైనా సరే, కాసేపు అరుగు మీద కూర్చోమని మర్యాదగా అడగండి.

[దృశ్యం: రొయ్యల చెరువులో తిరుగుతున్న ఏరేటర్లు.]

ఇక శబ్దం. భీమవరం వైపు చెరువు గట్టున ఇల్లయితే ఏరేటర్ల మోత ఆగదు. మేం ధాన్యం బస్తాలు పేర్చిన గదిలోకి మారాం. బస్తాలు మోతని బాగా మింగేస్తాయి. ఫ్యాన్ ఆపేయాలి, చెమట పడుతుంది, తప్పదు. ఇద్దరికీ చెరో కాలర్ మైకు, చెరో ట్రాక్, అంటే ఇద్దరి గొంతులూ విడివిడిగా రికార్డవ్వాలి. గొంతు పెరిగినా రికార్డర్‌లో శబ్దం మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. అన్నీ అయ్యాక ఎవరూ మాట్లాడకుండా ఒక్క నిమిషం ఆ గది శబ్దాన్నే రికార్డ్ చేయండి. ఎడిటింగ్‌లో అతుకులు పూడ్చడానికి అదే కావాలి.

ఇప్పుడు సర్వీసులో ఉన్నవాళ్ళని మేం పిలవం. శాఖ అనుమతి లేకుండా వాళ్ళు మాట్లాడకూడదు. రిటైరైనవాళ్ళకి కూడా 1923 నాటి అధికార రహస్యాల చట్టం వర్తిస్తుంది. యూనిట్ ఎక్కడుంది, ఎంతమంది ఉన్నారు, ఏ పరికరాలు వాడారు అన్నవి అడగొద్దు. పొరపాటున వచ్చినా తీసేయండి.

విడుదల చేసే ముందు ఎపిసోడ్ మొత్తం ఆవిడకి వినిపించండి. ఆవిడ వద్దన్నది ఉండకూడదు. ఒక నర్సింగ్ ఆఫీసరు గారు అంతా విని ఒకే ఒక్క పేరు తీసేయమన్నారు. ఆవిడ చేతుల్లో ప్రాణం పోయిన కుర్రాడి పేరది. వాళ్ళ అమ్మానాన్నలు ఎక్కడైనా ఉంటే ఇలా వినకూడదన్నారు. తీసేశాం. ఆ చోట బీప్ పెట్టలేదు, సంగీతం పెట్టలేదు. ఆ బస్తాల గదిలో పట్టుకున్న నిశ్శబ్దంలోంచి రెండు సెకన్లు పెట్టాం.