స్పానిష్ మెడికల్ పదాలు: స్ట్రెస్ రూల్స్‌కి నా రేటింగ్

అందరికీ నమస్తే అండీ. ఈసారి రివ్యూకి తీసుకున్నది ఫోనూ కాదు, యాపూ కాదు. స్పానిష్ వాళ్ల స్పెల్లింగ్ పద్ధతి! టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో రెసిడెన్సీ చేస్తూ, పేషెంట్లతో స్పానిష్ మాట్లాడాల్సొచ్చే మనవాళ్ల కోసం.

ముందు ప్లస్ చెప్తా. రాసున్న మాట చూస్తే చాలు, స్ట్రెస్ ఎక్కడో, అంటే మాటలో ఏ ముక్కని గట్టిగా పలకాలో తెలిసిపోతుంది. చివర అచ్చుగానీ, ఎన్‌గానీ, ఎస్‌గానీ ఉంటే చివరి నుంచి రెండో సిలబుల్ (ఒక్క ఊపులో పలికే ముక్క) మీద. వేరే హల్లు ఉంటే చివరి సిలబుల్ మీదే. అందుకే 'ఓస్పితాల్'లో 'తాల్' గట్టిగా పలుకుతారు. ఈ లెక్క తప్పిన చోట అచ్చు మీద చిన్న గీత పెడతారు, దాని పేరు తిల్దె. ఇంగ్లీషులో ఈ సుఖం ఏదీ?

ఆ గీత చేసే పని చూడండి. 'మెదికొ'లో 'మె' మీద స్ట్రెస్ పెడితే డాక్టర్. 'ది' మీద పెడితే 'నేను మందు ఇస్తాను'. 'కొ' మీద పెడితే 'ఆయన మందు ఇచ్చాడు'. కేస్ షీట్‌లో ఇది చిన్న తేడా కాదు కదా!

మనం తడబడేది సిలబుల్స్ విడగొట్టేటప్పుడే. మన కంటికి ఎపిలెప్సియలో 'ప్సి' ఒకటే అక్షరం. వాళ్లకి ప ఇటు, స అటు: ఎ-పి-లెప్-స్య. కడుపు కూడా ఎస్-తొ-మ-గొ, 'స్తొ' అని కలిపేయకూడదు. అలాగని అన్నీ విడదీయకండి. జ్వరం చూడండి: ఫ్యె-బ్రె. బ వెనక ర వస్తే కలిసే ఉంటుంది.

అసలు తలనొప్పి చివర 'ఇయ' వచ్చే జబ్బులు. రక్తహీనత అ-నె-మ్య, మూడే సిలబుల్స్, స్ట్రెస్ 'నె' మీద. న్యుమోనియా మాత్రం నెవ్-మొ-నీ-అ, నాలుగు. అక్కడ 'ఇ' మీద గీత ఉంది కాబట్టి 'ఇ', 'అ' విడిపోయాయి. ఏది ఎలా అన్నది మాటమాటకీ నేర్చుకోవాల్సిందే, వేరే దారి లేదు. పక్షవాతానికి ఎమిప్లెహ్య, ఎమిప్లెహీఅ రెండూ ఒప్పే. గుండెకి సంబంధించిన 'కర్ద్యాకొ', 'కర్దీఅకొ' కూడా అంతే. కాబట్టి నర్సు మీకు భిన్నంగా పలికిందని సరిదిద్దబోకండి.

ఇక మైనస్. క్యాపిటల్స్‌లో రాసేటప్పుడు చాలామంది గీత ఎగ్గొడతారు. స్పానిష్ రాయల్ అకాడమీ మాత్రం పెట్టాల్సిందే అంటుంది. 'ఇయ' దగ్గర అర మార్కు, ఈ అలవాటుకి అర మార్కు కోసి 5కి 4 ఇస్తున్నా. అనుమానం వస్తే అకాడమీ డిక్షనరీ వెబ్‌సైట్ చూడండి, ఉచితమే. రెండు రూపాలుంటే రెండూ చూపిస్తుంది.